బామ్మర్ది అమ్మిన గీజరు

ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డుకు రెండు పక్కలా గీజర్లు అమ్మే దుకాణాలే. వాటిలో ఏ దుకాణంలో కొన్నా, పాడైన రోజు వెళ్లి కౌంటర్ మీద చెయ్యి చరిచి గొంతు పెంచే హక్కు నాకు ఉండేది. ఆ హక్కును చేతులారా వదులుకుని మా బామ్మర్ది షాపులో కొన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. పూర్తిగా నా తెలివే. నా తెలివి సంగతి మా ఆవిడకు పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది గాని, నాకు ఈ గీజరు వచ్చాకే తెలిసింది.

బామ్మర్ది అంటే మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. చంపాపేటలో ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశం పత్రిక మీద చుట్టాలందరి పేర్లూ వేయించి నా పేరు మరిచిపోయాడు. నిజంగా మరిచిపోయాడనే ఇప్పటికీ నమ్ముతాను. నన్ను మరిచిపోవడం పెద్ద కష్టమేం కాదు, మా ఆఫీసులో రోజూ జరిగేదే. మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు.

"ఎన్నడు మొఖం సూడనోళ్ల పేర్లు ఏసిండు. మా ఆయన పేరు ఏయనీకె జాగ లేదంటనా?" అని ఆ పత్రికను మడిచి, ఊగుతున్న కుర్చీ కాలు కింద పెట్టింది. గృహప్రవేశానికి తను పోలేదు, నన్ను పోనివ్వలేదు. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. అయినా ప్రతి శ్రావణంలో ఒక రాఖీ కొనుక్కొచ్చి బీరువా సొరుగులో పడేసేది. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. కానీ సొరుగు తెరిచినప్పుడల్లా నా పేరు మీద జరిగిన గొడవ తళుకులతో సహా కనబడేది.

మాది పోచంపల్లి దగ్గర మగ్గాల ఇల్లు. తెగిన పోగు కనబడితే ముడి వేయకుండా చేతులు ఊరుకోవు. బామ్మర్ది దిల్‌సుఖ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు పెట్టాడని తెలిసి, ఒక చలికాలం సాయంత్రం నేనే వెళ్లి "గీజరు కావాలె" అన్నాను. వాడు కౌంటర్ వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పైసలు తీసుకోనన్నాడు. అత్తగారి వైపు నుంచి ఏమీ పుచ్చుకోలేదన్నది నాకున్న ఒకే ఒక గొప్ప, దాన్ని గీజరు కోసం పోగొట్టుకోలేనని పట్టుబట్టి ఇచ్చాను. మర్నాడు డబ్బా భుజాన పెట్టుకుని వాడే వచ్చాడు. మా బాత్రూము గుమ్మంలో అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. సీజను కాకపోయినా సొరుగులోని రాఖీలన్నీ వాడి చేతికెక్కాయి. గీజరు బిగించడానికి వాడి వెంట వచ్చి, గోడకు రంధ్రాలు వేస్తున్న మనిషి డ్రిల్లు ఆపి మరీ చూశాడు.

అందుకే మా బాత్రూములో వేలాడేది నాకు గీజరులా కనిపించదు. అది రాజీ పత్రం. కాకపోతే నీళ్లు కాగబెట్టే రాజీ పత్రం.

మరుసటి చలికాలానికి ఆ కాగబెట్టడమే మానేసింది.

ఎర్ర లైటు వెలుగుతుంది, లోపల ఏదో గుర్రుమంటుంది, నీళ్లు మాత్రం బోరులో నుంచి ఎలా వచ్చాయో అలాగే వస్తాయి. బామ్మర్దికి ఫోన్ చేశాను.

"మొదటి మగ్గు సల్లగనే ఉంటయి బావా. జర ఆగు, మెల్లగ వస్తయి."

"రొండు బకీట్లు ఇడిసినం రా."

"మీ బోరు నీళ్లల్ల సున్నం ఉంటది గద. గీజరు ఫస్ట్ క్లాస్ పీసు బావా, నీళ్లదే తప్పు. మన మనిషిని పంపిస్త, నువ్వు పరేషాన్ గాకు."

నాలుగుసార్లు ఫోన్ చేశాక వచ్చిన ఆ మన మనిషి గీజరును స్క్రూడ్రైవరుతో తట్టి, చెవి ఆనించి విని, దవాఖానలో పెద్ద డాక్టరు మాదిరి ఏమీ చెప్పకుండా టీ తాగి వెళ్లిపోయాడు. వారం బాగుంది. మళ్లీ చల్లబడింది. మళ్లీ వచ్చాడు, తట్టాడు, తాగాడు. వారంటీ అంటే వారానికో టీ అని అప్పుడు అర్థమైంది. ఒకసారి మాత్రం మూత విప్పి, లోపల సున్నం గట్టిందని ఒక పెళ్ల తీసి చూపించాడు. మా ఆవిడ దాన్ని చూసి, "గోడలకు సున్నమేయించుమని రెండేండ్ల సంది చెప్తున్న, ఈయన గీజరుకు ఏయించిండు" అంది.

మిగతా రోజుల్లో నీళ్లు గ్యాస్ పొయ్యి మీద కాగేవి. అంత పెద్ద గిన్నెను తువ్వాలుతో పట్టుకుని వంటింట్లో నుంచి హాలు మీదుగా బాత్రూముకు మొయ్యడం నా డ్యూటీ. మా ఆవిడ చైతన్యపురిలో ఒక స్కూల్లో టీచరు. పొద్దున్నే పోవాలి. ఒక పొయ్యి మీద నీళ్లు, ఒక పొయ్యి మీద ఉప్మా, మధ్యలో చాయ్‌కి జాగ ఉండేది కాదు. ఆలస్యమైన రోజు చల్లనీళ్లే పోసుకుని, ఎర్రబడ్డ వేళ్లతో జడ అల్లుకుంటూ, "ఏం గాదు, పొయ్యి ఉంది గద" అనేది. తమ్ముణ్ని ఒక్క మాట అనేది కాదు, నన్ను అననిచ్చేది కాదు. ఆ వేళ్లు చూసినప్పుడల్లా, ఈ రోజు ఏదో ఒకటి తేల్చేయాలనుకునేవాణ్ని.

తేల్చడానికి ఏముంది? రిపేరు చేయించాలంటే బయటి మెకానిక్కును పిలవాలి. పిలిస్తే వాడి మనిషిని నమ్మనట్టు. వేరే షాపులో కొత్తది కొంటే వాడినే నమ్మనట్టు. వాడినే కొత్తది అడిగితే, ఈసారి చచ్చినా పైసలు తీసుకోడు. నా ఒకే ఒక గొప్ప కూడా ఆ సున్నంలో కలిసిపోతుంది. ఏ దారిన పోయినా నా పేరు మీద మొదలైన గొడవ మళ్లీ నా పేరు మీదే మొదలవుతుంది. ఈసారి బీరువా సొరుగు సరిపోదు.

అయినా ఒక సాయంత్రం ధైర్యం చేశాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు పోకుండా ఎల్బీనగర్‌లో ఒక షాపులోకి దూరాను. ఏమని అనుకున్నానో నాకే తెలియదు. కొన్నాక ఇంటికి ఎలా తీసుకుపోతాను, గీజరు దానంతట అదే కొత్తదైందని చెప్తానా? సేల్స్‌మన్ ఒక తెల్లని గీజరు చూపిస్తుంటే, దాని గుండ్రటి మొహం వంక ఆశగా చూస్తూ నిలబడ్డాను. లోపలి నుంచి ఓనరు వచ్చి, "సార్, మీరు దిల్‌సుఖ్‌నగర్ తమ్ముని బావ గదా? రాఖీ పండుగ ఫోటోల సూసిన. కూసోండ్రి, చాయ్ తాగుండ్రి" అన్నాడు. చాయ్ తాగక తప్పలేదు. కొనకుండా లేవకా తప్పలేదు.

ఇంటికి చేరేలోపే ఫోన్ వచ్చింది.

"బావా, ఎల్బీనగర్‌ల గీజర్లు సూసినవంట."

"ఊకనే రా. అటు నుంచి వస్తుంటే కనపడ్డయి."

"షాపులకు వోయి కూసున్నవంట."

"కాళ్లు నొచ్చినయి."

తర్వాత మెల్లగా, "అక్కకు చెప్పలే బావా" అన్నాడు.

బెదిరింపు అయితే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ని. అది బెదిరింపు కాదు, నిజంగా నొచ్చుకున్న గొంతు. వాడి బాధ అబద్ధం కాదు, మా చన్నీళ్లూ అబద్ధం కాదు. నేను రెండింటి మధ్యా తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మనిషిని. "పంపియ్యి రా మన మనిషిని, ఆయన టీ తాగక ఎన్ని రోజులైందో" అన్నాను. వాడు నవ్వాడు. మనిషి మాత్రం రాలేదు. "రేపు" అనేవాడు ప్రతిసారీ. గీజరు అనేది "గీ జర ఓపిక పట్టు" అన్న మాటకే పెట్టిన పేరని మా ఆవిడకు చెప్పాను. తను నవ్వలేదు. ఉప్మా కలుపుతూ, "ఆ గిన్నె దించు, మసులుతుంది" అంది.

చలి ఇంకా ముదిరాక ఒక రోజు బామ్మర్దే ఫోన్ చేశాడు. వాళ్లింట్లో బాత్రూము టైల్స్ మారుస్తున్నారట. "పని అయ్యేదాంక మేమిద్దరం మీ ఇంటికి వస్తం, ఏమన్న ఇబ్బందా బావా?" ఇబ్బంది ఏముంటుంది? మా ఆవిడ అప్పుడే దుప్పట్లు తీయడం మొదలుపెట్టింది.

ఆ ఫోన్ పెట్టేసిన గంటలోపు గేటు చప్పుడైంది. మన మనిషి. ఈసారి చేతిలో స్క్రూడ్రైవరు ఒక్కటే కాదు, పెద్ద సంచి. గీజరును గోడ నుంచి దింపి, లోపలి సున్నమంతా తవ్వి, రాడ్డు మార్చి, మళ్లీ బిగించి, టీ కూడా అడగకుండా వెళ్లిపోయాడు. పోతూ పోతూ, "సారొస్తున్నరు గదా, జల్ది చెయ్యమన్నరు" అన్నాడు.

నల్లా తిప్పాను. పొగలు వచ్చాయి. ఇన్ని రోజులూ మా ఆవిడ వేళ్ల కోసం రాని పొగలు.

ఆ రాత్రే బామ్మర్దీ, వాడి భార్యా వచ్చారు. మర్నాడు పొద్దున అందరికన్నా ముందు నేను స్నానానికి వెళ్లాను. తొందరేం పడలేదు. వేడినీళ్లు ఆఖరి చుక్కదాకా పోసుకున్నాను. బయటికి వస్తూ, హాలు గోడకు క్యాలెండరు పక్కన ఉన్న గీజరు స్విచ్చును ఆపేసి, క్యాలెండరును ఒక బెత్తెడు దాని మీదికి జరిపాను. "పో రా, నీదే వంతు" అన్నాను బామ్మర్దితో.

కాసేపటికి తలుపు లోపలి నుంచి గొంతు వచ్చింది.

"బావా, నీళ్లు సల్లగున్నయేంది?"

"మొదటి మగ్గు సల్లగనే ఉంటయి. జర ఆగు, మెల్లగ వస్తయి."

"బకీటు నిండింది బావా."

"సున్నం ఉంటది గద మా నీళ్లల్ల. పరేషాన్ గాకు."

లోపల నల్లా కట్టేసిన చప్పుడైంది. తర్వాత ఒక్కసారిగా నీళ్లు కుమ్మరించుకున్న శబ్దం, దాని వెనకే రాగం లేని కూత ఒకటి. తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేసరికి ఎదురుగా వాళ్లక్క చాయ్ కప్పుతో నిలబడి ఉంది. "నీళ్లు మంచిగున్నయా తమ్మీ?" అని అడిగింది. వాడు నన్ను చూశాడు, అక్కను చూశాడు. ఆ గీజరు అమ్మింది వాడే. "ఫస్ట్ క్లాస్ ఉన్నయక్కా" అన్నాడు, పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటుండగా.

వాడి భార్య కోస్తా వైపు అమ్మాయి, పాపం ఆమె నాకేం చేసింది? అందరూ చాయ్‌లో మునిగి ఉండగా లేచి, స్విచ్చు వేసి, క్యాలెండరును మళ్లీ దాని చోటుకు జరిపాను. ఆమె తీరిగ్గా చాయ్ తాగి, తీరిగ్గా స్నానం చేసి, మొహం ఎర్రగా మెరుస్తూ వచ్చింది.

"ఎంత వేడిగా ఉన్నాయి వదినా! సగం బకెట్టు చల్లనీళ్లు కలుపుకోవాల్సొచ్చింది."

"మా తమ్ముడిచ్చిన గీజరు మరి" అంది మా ఆవిడ. ఎన్నాళ్లకో ఆ మొహంలో అంత వెలుగు.

బామ్మర్ది మెల్లగా నా వైపు తిరిగాడు. తన నీళ్లు చల్లగా ఉన్నాయని ఇప్పుడు చెప్పలేడు, ఫస్ట్ క్లాస్ అని వాడి నోటితోనే అన్నాడు. నేను పేపర్లో బంగారం ధర చదువుకుంటున్నాను. వాడు కప్పుకున్న దుప్పటిని ఇంకాస్త బిగించుకుని, "బావా, ఇంకో చాయ్ దొరుకుతదా?" అన్నాడు.

"జర ఆగు" అన్నాను. "మెల్లగ వస్తది."