పసుపు పూసిన హార్డ్ డిస్క్‌లు

మొన్న దసరా తెల్లారి మా ఇంట్ల ఏమైందో చెప్త, నవ్వద్దు మరి. కంప్యూటర్ రిపేర్ చేసిన! ఎవరో కాదు, నేనే!

మీకు తెలుసు గదా, కోరుట్లల పెండ్లి ఆల్బమ్‌లు, వీడియోలు తయారు చేసుడు నా పని. దసరా నాడు పూజ చేద్దామని కంప్యూటర్ డబ్బాకు బొట్టు పెట్టిన. మా అత్తమ్మ ఊకుంటదా? "పనిచేసేది లోపల గదా, డబ్బాకు పెడితే ఏమొస్తది?" అన్నది. నాకూ నిజమే అనిపించింది! మూత విప్పిన. లోపల రెండు హార్డ్ డిస్క్‌లు. ఒకదాంట్ల విండోస్, ఇంకోదాంట్ల పెండ్లిళ్లన్నీ. వైర్లు పీకి రెండింటినీ బయటికి తీసి, నిండుగ పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి గూడ ఇచ్చిన. ఏది ఏదో గుర్తుకని స్కెచ్ పెన్నుతోని రాసుకున్న నంబర్లు పసుపు కిందికి పోయినయ్. రెండూ ఒక్క తీరే ఉన్నయ్ గదా, ఏమైతదిలే అని చేతికొచ్చిన వైరు చేతికొచ్చినదానికి పెట్టేసిన.

తెల్లారి స్విచ్ ఏస్తే నల్ల స్క్రీన్! బూట్ డివైస్, అంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టే డిస్క్, దొరుకుతలేదట!

సరిగ్గ గప్పుడే మా కోరుట్ల పక్కన ఇబ్రహీంపట్నం నుంచి నర్సయ్య కాక దిగిండు. ఆయన బిడ్డ పెండ్లి వీడియో నా దగ్గరనే ఉన్నది. "అల్లుడు ఇయ్యాల మధ్యాహ్నం దుబాయ్‌కి బయల్దేరుతుండు బిడ్డా. మళ్ల రెండేండ్లకు గాని రాడు. పెన్ డ్రైవ్‌ల ఏసియ్యి, ఎంట తీస్కపోతడు" అని కుర్సీల కూసున్నడు. ఆ వీడియోకు ఇంకో కాపీ లేదు.

"చాయ్ తాగు కాకా, ఐదు నిమిషాలు" అని లోపలికి పోయి సిరిసిల్లల ఉండే మా తమ్మునికి ఫోన్ కొట్టిన.

"విండోస్ పోయినట్టుంది అక్కా. ఫార్మాట్ కొట్టి, డిస్క్ అంతా తుడిచేసి, మళ్ల ఎక్కియ్యి, గంటల అయిపోతది" అన్నడు వాడు, ఏదో అన్నం వండుకున్నంత సులువుగ.

సరే అని విండోస్ ఉన్న పెన్ డ్రైవ్ పెట్టిన. ఏ డిస్క్ ఫార్మాట్ చెయ్యాలె అని అడిగింది. మొదటిదాన్ని పట్టుకొని ఎంటర్ మీద వేలు పెట్టిన. ఆగిన. సైజు చూస్తే పెద్దది! విండోస్ ఉన్నది చిన్నదాంట్ల గదా? అమ్మో, ఇది పెండ్లిళ్ల డిస్క్! ఒక్క ఎంటర్ కొడితే కాక బిడ్డ మళ్ల పెండ్లి కాని పిల్ల అవుతుండె!

అప్పుడు వెలిగింది నాకు. విండోస్ యాడికీ పోలే. వైర్లు తారుమారు చేసింది నేనే. పాపం కంప్యూటర్ పెండ్లిళ్లల్ల పడి విండోస్‌ను దేవులాడుతుంది! బంద్ చేసి, అటుది ఇటు, ఇటుది అటు మార్చి, దండం పెట్టి స్విచ్ ఏసిన. టింగుమని విండోస్! "అత్తమ్మా, అచ్చింది!" అని ఒర్లిన. నాకు నేనే చప్పట్లు కొట్టుకున్న.

ఆ కేకకు కాక ఉరికొచ్చిండు. కంప్యూటర్ చెడిపోతే బాగుచేసిన అని చెప్పిన. ఎవరు చెడగొట్టిన్రో మాత్రం చెప్పలే. వీడియో ఎక్కించి చేతుల పెడితే ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "నువ్వు లేకుంటే నా గతి ఏమయ్యేదో బిడ్డా!" అన్నడు.

నేను లేకుంటే అది చెడిపోయేదే కాదు కాకా అని నోటిదాక వచ్చింది. అత్తమ్మ ఇచ్చిన చాయ్‌తోని పాటు మింగేసి, పెద్ద ఇంజనీర్ లెక్క తలూపిన.