ఆదివారం సినిమాకు మా అమ్మ చెప్పిన కథ

పాత టీవీ కార్యక్రమాలను ఫోన్లలో వెతికి చూస్తూ, ‘ఆ రోజులే వేరు’ అని కళ్లు తుడుచుకునేవారు మా బంధువర్గంలో ఎక్కువైపోయారు. వేరే, నిజమే. బొమ్మ కన్నా చుక్కలే ఎక్కువ కనిపించేవి. యాంటెన్నా మీద కాకి వాలితే వార్తలు చదివే ఆవిడకు రెండు తలలు మొలిచేవి. చూసినది చూసినట్టు ఆనాడే రాసిపెట్టుకున్నవాణ్ని కనుక ఈ మురిపాలు నా దగ్గర చెల్లవు.

నాందేడ్‌లో మా గల్లీ మొత్తానికి ఒకటే టీవీ, బట్టల దుకాణం సేఠ్ ఇంట్లో. ఆదివారం మధ్యాహ్నం ఒక్కో వారం ఒక్కో భాష సినిమా వచ్చేది. గల్లీలో తెలుగు ఇల్లు మాదొక్కటే. కుండల్‌వాడి ఊరి జాత్రలో, డేరా టాకీసులో నాలుగు సినిమాలు చూసిన ధైర్యంతో మా అమ్మ, నీళ్ల నల్లా దగ్గర మరాఠీ ఆడవాళ్లకు తెలుగు సినిమా గొప్పతనం వారాల తరబడి చాటింది: పాటలు, కొట్లాటలు, ఏడుపులు, ఏదీ తక్కువ కాదని.

తీరా తెలుగు వంతు వచ్చింది. సేఠాణి అమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టింది. బహుమతులు పొందిన చిత్రమట. ఒక ముసలాయన ఎడ్లబండి మీద పోతున్నాడు. చాలాసేపు పోయాడు. దిగి చుట్ట కాల్చుకుని మళ్లీ ఎక్కాడు. పాట లేదు, మాట లేదు.

“కాకూ, మీవాళ్లు ఇంత మెల్లగా బతుకుతారా?” అని, అమ్మను పిన్ని వరసతో పిలుస్తూనే, పక్కింటి కోడలు మరాఠీలో ఎత్తిపొడిచింది. గది గొల్లున నవ్వింది. సేఠ్ లేచి టీవీ ఆర్పబోయాడు.

అమ్మ ముఖం మాడిపోయింది. టీవీ ఆరిపోతే ఇక నల్లా దగ్గర తలెత్తుకు తిరగలేదు. “ఆగండి సేఠ్‌జీ! ఆయన తమ్ముణ్ని చంపడానికి పోతున్నాడు!” అన్నది, ఆమె కూడా మరాఠీలోనే.

బండి మనిషికి తమ్ముడే లేడు. సేఠ్ మాత్రం కూర్చున్నాడు.

ముసలాయన ఇల్లు చేరాడు. భార్య అన్నం వడ్డిస్తూ, కూర కుదిరిందా అని అడిగింది.

“విషం కలిపింది,” అన్నది అమ్మ.

గది బిగుసుకుపోయింది. ముసలాయన తిన్నాడు, చేయి కడిగాడు, చావలేదు.

“మెల్లగా ఎక్కే విషం,” అని సర్దింది.

నేను ఆగలేక తెలుగులో గొణిగాను: “ఏందమ్మా గిది? ఆమె కూర సంగతి అడిగింది!”

“నోర్ముయ్యి. కూర సంగతికి సేఠ్ కరెంటు కాలుస్తడా?”

చివరికి ముసలాయన ఏటి గట్టున కూర్చుని నీళ్లు చూశాడు. సమాప్తం. తమ్ముణ్ని క్షమించాడని సేఠాణి వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు నేను దుకాణానికి వెళ్లి, అసలు కథను వరుసగా సేఠ్‌కు వివరించాను. ఆయన ఓపికగా విని, “కాలేజీ పోరడివి, నీకు అర్థం కాలేదు,” అని తేల్చాడు. ఆ గదిలో ఏడ్చినవారే ఇప్పుడు ఆ సినిమా ఎక్కడా దొరకడం లేదని వాపోతున్నారు. దొరకదు. దాన్ని ఎవరూ తీయలేదు.

మరుసటి ఆదివారం మలయాళం వంతు. కాకూ వచ్చేదాకా టీవీ పెట్టేది లేదని సేఠ్ కబురంపాడు. అమ్మ కొత్త చీర కట్టుకున్నది.

“నీకు మలయాళం ఒక్క ముక్కన్న వస్తదా?” అని నిలదీశాను.

“గల్లీల ఎవనికొస్తది? సప్పుడు చెయ్యకుంట అచ్చి కూసో,” అని ముందు నడిచింది.