మోకాలి కింద దిండు

ఆ వార్డులో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. దిండు సిస్టర్ అంటే చాలు, తుడిచే ఆయమ్మ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ తెలుస్తుంది. డ్యూటీకి రాగానే చేతులు కడుక్కుని, మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా ఒక్కో దుప్పటీ ఎత్తి చూస్తుంది. మోకాలి చిప్ప మార్చే ఆపరేషన్ అయి పడుకున్నవాళ్ళ వార్డు అది. ఏ దుప్పటి ఎత్తినా మోకాలి కింద ఒక దిండు కనిపిస్తుంది. లాగేస్తుంది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అది మళ్ళీ అక్కడే ఉంటుంది.

అందులో తప్పేముంది అంటారు చూడండి, అక్కడే సిస్టర్‌కి ఒళ్ళు మండుతుంది. కోసి కుట్టిన మోకాలిని కాస్త వంచి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, కాదనదు. కానీ ఆ హాయిలోనే కొన్నాళ్ళు ఉంచితే కాలు అలాగే బిగుసుకుపోతుంది, మరి తిన్నగా రాదు. అప్పుడు డాక్టరు ఎంత ఖరీదైన కీలు బిగించినా కుంటుకుంటూ నడవాల్సిందే. దిండు పెట్టాల్సింది మడమ కింద. అలా పెడితే మోకాలు కిందికి దిగి తిన్నగా అవుతుంది. నొప్పి మాత్రం చుక్కలు చూపిస్తుంది. ఈ ముక్క చెప్పీ చెప్పీ ఆవిడ నోరు పడిపోయింది. వింటే కదా! "అలాగే సిస్టర్" అని బుద్ధిగా తలూపుతారు. ఆవిడ మందుల ట్రాలీ తోసుకుంటూ గుమ్మం దాటగానే కొడుకో, కూతురో, మొగుడో దిండు తెచ్చి ఎక్కడ పెట్టకూడదో సరిగ్గా అక్కడే పెడతారు. దిండ్లు లాక్కుంటే దుప్పట్లు మడిచి పెడతారు. దుప్పట్లు లాక్కుంటే తువ్వాళ్ళు చుట్టి పెడతారు. ఒకాయనైతే ఏకంగా తన చెప్పుల సంచీ పెట్టాడు.

"ప్రేమ ఉంటే సరిపోదండీ, చెప్పిన మాట కూడా వినాలి" అని అరిస్తే, "ఈవిడకి జాలీ దయా లేవు" అని పక్క మంచం వాళ్ళతో చెప్పుకుంటారు. సిస్టర్ చెవిన పడేలాగే చెప్పుకుంటారు.

అలాంటి వార్డులోకి ఆవిడ సొంత అక్కే వచ్చి పడింది.

అక్క బస్సు కండక్టరు. బతుకంతా నిలబడే గడిపింది. కండక్టరుకని బస్సులో ఒక సీటుంటుంది గానీ, అందులో ఏ నిండు చూలాలినో ఏ ముసలాయన్నో కూర్చోబెట్టి, తను కడ్డీకి ఆనుకుని "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని కేకలేస్తుంది. ఆ కేకకి కదలని మనిషి లేడు. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది కూడా ఆ గొంతుతోనే. "రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయే" అని ఏడుస్తున్న పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి నర్సింగు క్లాసులో కూర్చోబెట్టింది అక్కే. నిలబడీ నిలబడీ ఇప్పుడు ఆమె మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ అయింది. చెల్లెలి వార్డులోనే కిటికీ పక్క మంచం ఇచ్చారు.

బావది ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే దుకాణం. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన భార్యకి గ్లాసుడు మంచినీళ్ళు అందించగా చూసినవాళ్ళు లేరు. చెడ్డవాడని కాదు, ఆయనకి తోచదు, అంతే. అలాంటి మనిషి ఆపరేషన్ మర్నాడు ఇంటినుంచి ఒక దిండు చంకలో పెట్టుకుని వచ్చాడు. పూల గలీబు వేసి ఉంది, మధ్యలో దూది అణిగిపోయి ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్ళి, దుప్పటి ఎత్తి, దాన్ని భార్య మోకాలి కింద పెట్టాడు.

"బావా, అది తీసేయండి."

"కాసేపేనమ్మా."

"కాసేపు కూడా వద్దు. వార్డంతా నన్ను చూసి నవ్వుతారు. మీరే ఇలా చేస్తే మిగతావాళ్ళకి నేనేం చెప్పను?"

తీశాడు. సిస్టర్ ఇంజెక్షన్ల గదిలోకి వెళ్ళి వచ్చేసరికి దిండు మళ్ళీ మోకాలి కిందే ఉంది. బావ కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు. అక్క కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తోంది. ఇంటికి పంపేదాకా రోజూ ఇదే తంతు.

మొదటిసారి చూపించుకోవడానికి వచ్చిననాడు పెద్ద డాక్టరు అక్కని కాళ్ళు చాపమన్నాడు. మోకాలి కింద తన అరచెయ్యి దూర్చాడు. సులువుగా దూరిపోయింది.

"నా చెయ్యి ఇక్కడ పట్టకూడదమ్మా. వచ్చేసారికి తిన్నగా రాకపోతే మళ్ళీ మత్తిచ్చి, బలవంతంగా సరిచేయాల్సి వస్తుంది" అన్నాడు.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. కాలు తిన్నగా పెట్టి నిలబడలేనివాళ్ళని మళ్ళీ బస్సెక్కనివ్వరు. డిపోలో కిటికీ వెనక కూర్చోబెట్టి పాసులు రాయిస్తారు. అక్కకి ఆ సంగతి తెలుసు. తిరిగి వెళ్తూ చెల్లెలి మణికట్టు పట్టుకుంది.

"ఆ కిటికీ వెనక కూర్చోబెడితే నేను బతకనే. ఏదో ఒకటి చెయ్యి."

"చేస్తాను. కానీ నువ్వు నా మాట వినాలి."

"వింటాను."

వినలేదు. సిస్టర్ రోజూ డ్యూటీ దిగి అటునుంచి అటే అక్కావాళ్ళింటికి వెళ్ళేది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కొన్నాళ్ళుగా ఆవిడ కుడి మోకాలు కూడా సతాయిస్తోంది. మోకాళ్ళ వార్డు సిస్టర్‌కి మోకాలి నొప్పంటే విని నవ్విపోతారు, ఎవరితో చెప్పుకుంటుంది? కడ్డీ పట్టుకుని పళ్ళబిగువున ఎక్కి తలుపు తీసేసరికి ఏముంటుంది? పూల గలీబు దిండు, మోకాలి కింద, నిక్షేపంలా.

ఒకనాడు అరికాలి మంట నెత్తికెక్కింది. దిండు లాగి గదిలో ఓ మూలకి విసిరేసింది.

"మీకేమైనా పట్టిందా బావా? అక్కని మళ్ళీ బస్సెక్కనివ్వరు, అక్క కుంటిదవుతుంది. అందరూ కలిసి చెబుతుంటే చీమ కుట్టినట్టయినా లేదేంటి మీకు? వంగిపోయిన ఊచతో ఫ్యాను తిరుగుతుందా? మీ దుకాణంలో అయితే అలా వదిలేస్తారా?"

"మనిషి ఫ్యాను కాదు కదమ్మా" అన్నాడు బావ.

ఆ జవాబుకి సిస్టర్‌కి నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బావ మూలకి వెళ్ళి దిండు తీసుకుని, దుమ్ము దులిపి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా సిస్టర్ అంతకుముందు వినలేదు.

"మీ అక్క ఇన్నేళ్ళలో నన్ను ఏదీ అడగలేదు. ఏదైనా తనే తెచ్చుకుంది, తనే చేసుకుంది. ఇప్పుడు నొప్పిగా ఉందండీ, ఆ దిండు కాస్త పెట్టండి అంటోంది. అడిగిన ఒక్కటీ ఎలా కాదనను? నువ్వే చెప్పు."

మంచం మీద అక్క ముఖం గోడవైపు తిప్పుకుంది. కాసేపటికి అక్కే ముక్కు చీదుకుని ఇటు తిరిగింది.

"ఏమండీ, మీరు కాస్త బయట కూర్చోండి."

"ఎందుకు?"

"మీరు ఎదురుగా ఉంటే నాకు ఏడుపొస్తోంది. ఇది ఒక్కతే ఉంటే తిట్టుకుంటూ ఓర్చుకుంటాను. వెళ్ళండి."

బావ లేచి దిండుతో సహా వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. సిస్టర్ తలుపు మూసి, తువ్వాలు చుట్టి అక్క మడమ కింద పెట్టింది. రెండు చేతులూ మోకాలి మీద ఆనించి మెల్లగా నొక్కింది.

"చంపేస్తున్నావే! నువ్వసలు చెల్లెలివా, పగదానివా? నిన్ను పెంచింది ఇందుకేనా?"

"ఊపిరి పీల్చు. వదులు. ఇంకొంచెం."

"నీ చేతులు పడిపోను!"

ఆరోజు నుంచి అదే వరస. సిస్టర్ వచ్చే వేళకి బావ దిండు తీసుకుని మెట్ల మీదికి చేరేవాడు. ఆవిడ పని ముగించి బయటికి వస్తే ముఖం చూడకుండా కాళ్ళు పక్కకి జరిపి, "అయిందా?" అని లోపలికి వెళ్ళి తలుపేసుకునేవాడు. ఒక్కనాడైనా కూర్చోమనలేదు. అక్కేమో సిస్టర్ గడప తొక్కగానే "వచ్చావా, యముడి చెల్లెలా" అని మొదలుపెట్టేది. వార్డులో పొద్దంతా తిట్లు తిని, సాయంత్రం మూడంతస్తులెక్కి మళ్ళీ తిట్లు తినడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు. మెట్లు దిగుతూ రేపటి నుంచి రానే రానని ఒట్టు పెట్టుకునేది. మర్నాడు మళ్ళీ కడ్డీ పట్టుకుని ఎక్కేది.

మళ్ళీ చూపించుకునే రోజు వచ్చింది. అక్క కాళ్ళు చాపింది. డాక్టరు మోకాలి కింద చెయ్యి పెట్టబోతే వేళ్ళు దూరలేదు.

"శభాష్! ఎలా సాధించారమ్మా?"

"మా ఆయన కంటికి రెప్పలా చూసుకున్నారండీ" అంది అక్క, కళ్ళలో నీళ్ళతో.

సిస్టర్ పక్కనే ట్రే పట్టుకుని నిలబడి ఉంది. బావ సిగ్గుపడి నేల చూపులు చూస్తున్నాడు. పోనీ, ఆయనైనా ఒక మాట అంటాడేమో అనుకుంది. అనలేదు. ట్రేలోని కత్తెర చేతిలోకి తీసుకుని, దేనికి తీసుకుందో గుర్తురాక మళ్ళీ ట్రేలో పెట్టేసింది. ఆరోజు వార్డులో ఆవిడ నోటికి ఎదురుపడినవాళ్ళ గతి ఏమైందో వాళ్ళనే అడగాలి.

అక్క మళ్ళీ బస్సెక్కింది. ఆ తర్వాత ఒక సాయంత్రం సిస్టర్ డ్యూటీ దిగి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, వచ్చిన బస్సు ఎక్కింది. లోపల ఇసుకేస్తే రాలనంత జనం. వెనకనుంచి తెలిసిన కేకే వినిపించింది, లోపలికి జరగండి అని. అక్క రెండు కాళ్ళ మీదా తిన్నగా నిలబడి ఉంది. చెల్లెల్ని చూసి చెయ్యి ఊపింది.

"ఇటు రా. ఇక్కడ కూర్చో."

కండక్టరు సీటులో పూల గలీబు దిండు ఉంది.

"ఇదిక్కడికెలా వచ్చింది?"

"మీ బావ. నడుముకి ఆనించుకోమని రోజూ ఇచ్చి పంపిస్తారు. నేనెప్పుడు కూర్చున్నాను గనక? కూర్చో నువ్వు."

"వద్దులే, నిలబడతాను. ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చుంటారు."

"కూర్చోమన్నానా! ఆ కుడి మోకాలు ఎన్నాళ్ళ నుంచే?"

సిస్టర్ ఉలిక్కిపడింది. "ఏ మోకాలు?"

"దబాయించకు. మంచం మీద పడుకుని రోజూ వినేదాన్ని. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, మధ్యలో ఆగి ఆగి ఎక్కేదానివి. అరిగిన మోకాలితో నేను మెట్లెక్కిన చప్పుడు నాకు తెలియదా?"

"తెలిస్తే అప్పుడే అడగొచ్చుగా?"

అక్క ఎవరికో టిక్కెట్టు చింపి ఇచ్చింది. ఇంకెవరికో చిల్లర ఇచ్చింది. తర్వాత చెల్లెలి వైపు చూడకుండా అంది.

"అడిగితే నువ్వు రావడం మానేస్తావేమోనని భయమేసిందే. నాకు నా కాలు కావాలి కదా."

సిస్టర్‌కి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచింది గానీ మోకాలు కలుక్కుమంది. సీటులో కూలబడి, దిండు తీసి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అక్క కుడిచేత్తో ఈల తీసి ఊదింది, ఎడమచెయ్యి చెల్లెలి భుజం మీద వేసి ఉంచింది. తర్వాతి స్టాపులో ఎక్కినవాళ్ళని సీటు దగ్గరికి రానివ్వకుండా అడ్డంగా నిలబడి, లోపలికి జరగమని కేకేసింది.