ఏ మేలుకని ఈ భోజనం?

మా చర్చి సంఘంలో ఈ కథ చెప్పేవాళ్ళందరూ ఒకే తీరుగా చెబుతారు. మా మేడ మీద అద్దెకున్న అమెరికా అమ్మాయి థాంక్స్‌గివింగ్ భోజనం పెట్టిందట. కూతురు పోయినప్పటి నుంచి మనసు బండ చేసుకున్న మా అత్త ఆ రోజు కరిగిపోయిందట. పాత మొక్కుబడి తీర్చుకుని కళ్ళనీళ్ళతో సాక్ష్యం చెప్పిందట. అది చూసి అమెరికా అమ్మాయి సంతోషం పట్టలేక ఏడ్చిందట. పోయిన క్రిస్మస్‌కు ఒకామె నన్ను పక్కన కూర్చోబెట్టుకునే ఇదంతా ఎవరో చుట్టానికి వినిపించింది. నేను ఆ ఇంటి కోడల్ని. ఆ రోజు గంజి వార్చిందాన్ని. నన్ను ఒక్క మాట అడగాలని ఆమెకు తోచలేదు.

అందుకని నేనే చెబుతాను. మా అత్త కరగలేదు. సాక్ష్యమూ చెప్పలేదు. ఆమె ఆ రోజు చేసింది వాదన. వాదన అంటే ఏమిటో నాకు తెలుసు, ఆ ఇంట్లో ఆమెతో రోజూ చేసేదాన్ని నేనే కాబట్టి.

తెలియనివాళ్ళ కోసం ఒక సంగతి చెప్పాలి. మాలో, ఇంట్లో ఏదైనా మేలు జరిగితే కృతజ్ఞత కూడిక పెడతారు, దాన్నే థాంక్స్‌గివింగ్ అనీ అంటారు. ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ గట్టెక్కినా, బోరులో నీళ్ళు పడినా సరే. పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తారు, ఇంటివాళ్ళు లేచి ఫలానా మేలు జరిగిందని చెబుతారు, ఆ తర్వాత అందరికీ భోజనం. దీనికి ఇంటింటికీ పోయి పిలిచే పని లేదు. ఆదివారం ఆరాధనలో ప్రకటన చేస్తే చాలు, సంఘమంతటికీ పిలుపు అందినట్టే. కొందరు ముందుగానే మొక్కుకుంటారు, ఈ మేలు చేస్తే కూడిక పెడతాం ప్రభువా అని.

మా అత్త అట్లా మొక్కుకున్న మనిషి. మా ఆడపడుచు కర్నూలులో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఇక్కడ కడపలో ఆరాధన మధ్యలో లేచి, "నా బిడ్డ ఇంటికి వస్తే మీకందరికీ అన్నం పెడతా" అన్నది. బిడ్డ ఇంటికి వచ్చింది. ఎవరూ పట్టుకోకుండా నడిచి గడప దాటింది. పెరుగన్నం తిన్నది, వాళ్ళన్నను తిట్టింది, నా బీరువా తెరిచి ఒక చీర తీసుకుని కట్టుకుంది. కొన్నాళ్ళకు జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఆసుపత్రి దాకా కూడా పోలేదు.

మరి ఆ మొక్కుబడి ఉన్నట్టా, లేనట్టా? సంఘంలో రెండు పక్షాలు తేలాయి. ఇంటికి రావాలని అడిగింది, వచ్చింది, తీర్చాల్సిందే అని ఒక పక్షం. బిడ్డే లేనప్పుడు మేలెక్కడిది అని రెండోది. నేను రెండో పక్షం, అదీ గట్టిగా. అయ్యగారు మెత్తటి మనిషి. అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "అమ్మా, దేవుని ఎదుట అన్న మాట..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి కాఫీ బాగుందని లేచిపోయేవారు. మా అత్త మాత్రం ఏ పక్షానికీ దొరకలేదు. తీరుస్తాననదు, తీర్చననదు. వారం వారం చర్చికి పోవడం మానేసి, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం మాత్రం పోయి వెనక వరసలో కూర్చుని వచ్చేది.

ఇట్లాంటి ఇంట్లోకి వచ్చింది ఆ అమ్మాయి. మా జిల్లా బండల మీద ఏదో పరిశోధన. మేము కాళ్ళు కడుక్కునే బండ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో చూసేది. ఆ పిల్ల కమ్మలు పోగొట్టుకుని వెతుక్కుంటోందని మా అత్త మొదట్లో తెగ జాలిపడింది. తెలుగు సగం పుస్తకాల్లో నేర్చుకుంది, సగం మా అత్త దగ్గర. అందుకని ఆమె మాట ఒక కాలు బడిలో, ఒక కాలు మా వంటింట్లో పెట్టినట్టుండేది.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం ఆమె కిందికి వచ్చింది. మా అత్త చెనిక్కాయలు ఒలుస్తోంది.

"అక్కా, నవంబరు నాలుగో గురువారం నేను భోజనం పెట్టవలెను. ఎనిమిది మంది. ఒకటే బల్ల. అందరూ ఒకేసారి కూర్చోవల్ల. అవ్వ కూడా."

నేను నోరు తెరిచేలోపే మా అత్త అడిగింది. "ఏం మేలు జరిగింది బిడ్డా నీకు?"

"మేలా?"

"ఊరికే ఎవరు పెడతారు? పెండ్లి కుదిరిందా? ఉద్యోగం గట్టిపడిందా?"

"లేదు అవ్వా. ప్రతి సంవత్సరం ఆ గురువారం పెడతాము. అంతే."

"ఏమీ జరక్కపోయినా?"

"జరక్కపోయినా."

"చెడ్డ జరిగినా?"

ఆ పిల్ల ఒక కాయ తీసుకుని ఒలిచింది. "మా నాయన అక్టోబరులో పోయినాడు. ఆ నవంబరు కూడా పెట్టినాము. మా అమ్మ కోడిని మాడ్చింది. అయినా తిన్నాము."

"తినేముందు ఏమని చెప్పుకుంటిరి దేవునికి?"

"ఒక్కొక్కరు ఒక మాట చెప్పవలెను. బంగాళదుంపలు బాగున్నాయని మా తమ్ముడు చెప్పినాడు. ఆ సంవత్సరం చలి తక్కువ అని మా అమ్మ చెప్పింది. నేను ఏమీ చెప్పలేదు. ఎవరూ బలవంతం చేయలేదు."

ఆమె పైకి పోయాక మా అత్త నా వైపు తిరిగింది. "చూస్తివా మ్మే? మేలూ లేదు, మొక్కూ లేదు. తేదీ వచ్చిందని థాంక్స్ చెప్పేదేందే, కరెంటు బిల్లు మాదిరి!"

"మనది మాత్రం ఏం గొప్ప అత్తా? పని అయితేనే థాంక్స్ అంటాం. ఆఫీసులో గుమాస్తాకు చేసేదీ అదే."

"నీకు చదువు ఎక్కువైంది" అని చేతిలో ఉన్న పప్పులు చేటలోకి విసిరింది. కానీ ఆ రోజు నుంచి ఏదో ఒక వంక పెట్టుకుని మేడ మెట్లెక్కడం మొదలుపెట్టింది. బల్ల లేదు కదా, ఏం చేస్తాండావు? కారం లేకుండా అంత పెద్ద కోడిని ఎట్ల తింటారు, దానికి మర్యాద వద్దా? గుమ్మడికాయతో తీపి చేసేటప్పుడు బెల్లం వేస్తే మీ దేశంలో కేసు పెడతారా? ఇట్లా అడిగి, కసురుకుని, దిగి వచ్చేది. ఎన్నేళ్ళుగానో ఆ మనిషి ఏ వంట గురించీ అంత కుతూహలపడగా నేను చూడలేదు.

బల్ల సంగతి నేను తేల్చాను. మిద్దె మీద పడి ఉన్న పాత తలుపును ఇటుకల మీద పరిచాం. టర్కీ కోడి కోసం రాజంపేట దగ్గర ఒక తోటకు పోవాల్సి వచ్చింది. ఆదివారం తప్ప నాకు తీరిక లేదు, కాబట్టి ఆ ఆదివారం చర్చి మానేసి ఆ పిల్లతో కలిసి పోయాను. మా ఆయన ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. అది సంస్కారపు ఆదివారం కాదు, మా అత్త ఇంట్లోనే ఉంది. అంటే మా ఇంటి నుంచి ఆ రోజు ఆరాధనకు ఎవరూ పోలేదు. జరిగినదంతా అక్కడే జరిగింది.

ఎట్లాగంటే, అంతకు ముందే మా అత్త వీధిలో పోతున్న అయ్యగారిని ఆపి, "గురువారం మా ఇంట్లో థాంక్స్‌గివింగ్ ఉండాది, మేడ మీది బిడ్డ పెడతాంది, మీరొచ్చి ప్రార్థన చేయల్ల" అని చెప్పిందట. ఎనిమిది మందిలో ఆయన ఒకరు, అంతే. కానీ ఆయనకు వినిపించిందల్లా ఆ ఇల్లు, ఆ మనిషి, ఆ మాట. మేడ మీది బిడ్డ అనేది ముసలామె బిడియంతో పెట్టుకున్న చాటు అనుకున్నారు. ఆదివారం పీఠం మీది నుంచి ప్రకటించేశారు. ఎవరింట్లో ఏ మొక్కుబడి ఆగిపోయి ఉందో ఊరంతా మనసులో పెట్టుకుని తిరిగేచోట తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు ఇది.

కోడిని కాల్చడానికి మా వీధి చివరి బేకరీ పొయ్యి అడిగాం. బేకరీ సాయిబు దాని కడుపులోకి తొంగి చూసి, "ఇందులో ఏం కూరినారు మేడం?" అన్నాడు. రొట్టె ముక్కలని చెప్పాను. "తినే రొట్టెను కోడి కడుపులో పెట్టినారా? ఏం మేడం, మా రొట్టె అంత బాగలేదా?" అని నవ్వి, బన్నుల పని అయ్యాక పొయ్యిలో పెట్టిచ్చాడు. ఎర్రగా, అందంగా కాలింది. దాన్ని పైకి తెచ్చి తలుపు బల్ల మీద పెట్టినప్పుడు ఆ పిల్ల చేతులు జోడించి గడ్డం కింద పెట్టుకుని చూస్తూ నిలబడింది. అంతకు ముందే దుప్పటి పరిచి, ఎనిమిది కంచాలు సర్దిపెట్టింది. మా అత్త కంచం తన పక్కన పెట్టుకుంది.

అప్పుడు గేటు చప్పుడైంది. కిందికి చూస్తే వీధి నిండా జనం. తెల్లచీరలు, బైబిళ్ళు, చంకల్లో చాపలు. ఎవరో పోయారేమో అనుకున్నాను. మేం కిందికి దిగేసరికి ఒకామె నేరుగా వచ్చి మా అత్తను కావలించుకుంది. "ఇన్నాళ్ళకు దేవుడు నీ గుండె మెత్తన చేసె గదా వదినా!"

నాకంటే ముందు మా అత్తకు అర్థమైంది. ఆ మొహం నేను మరచిపోను. అన్నేళ్ళుగా అటూ ఇటూ తేల్చకుండా పట్టుకుని ఉన్నదాన్ని ఆమె చేతిలోంచి పదిమందీ కలిసి, ప్రేమతోనే, లాక్కుంటున్నారు. ఊరుకుంటే తీర్చినట్టు. కాదంటే ఇంటికి వచ్చినవాళ్ళను అవమానించినట్టు.

అయ్యగారు అన్నారు, "అమ్మా, రెండు మాటలు సాక్ష్యం చెప్పండి. తర్వాత ప్రార్థన చేద్దాం."

మా అత్త మెట్టు మీదికి ఎక్కి నిలబడింది. "సాక్ష్యం కాదయ్యా, ఉన్న మాట చెప్తా. ఇది నా కూడిక కాదు. పైన ఉండే బిడ్డది. మీరు పొరపాటున వచ్చినారు. వచ్చినారు గాబట్టి తినే పోవల్ల, ఎసరు పెడతాం. అయితే నా మొక్కుబడి తీరిందని ఎవురన్నా అంటే నేను ఒప్పుకోను."

వెనక నుంచి సంఘపెద్ద ఒకాయన అందుకున్నాడు. "అట్లంటే ఎట్లక్కా? బిడ్డ ఇంటికొస్తే పెడతానంటివి. వచ్చె గదా?"

"వచ్చె. ఎవురు కాదన్నారప్పా? ఇంటికొస్తే బతికినట్టే అనుకుని అడిగితి. నేనేం అనుకుని అడిగితినో ఆయనకు తెలీదా? తెలిసి కూడా తెలీనట్టు చేసినాడు. ఎందుకట్ల చేసినాడో ముందు ఆయన్ను చెప్పమను. తర్వాత చెప్తా నేను థాంక్స్."

ఎవరూ ఏడవలేదు. ఒక పసిపిల్ల మాత్రం ఆకలని గోల చేసింది. అయ్యగారు బైబిలు చంకలో పెట్టుకుని, ప్రార్థన చేయకుండానే, "ఎసట్లోకి నీళ్ళు ఎవరు తెస్తారు?" అన్నారు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

పక్కింట్లోంచి పెద్ద గుండిగ వచ్చింది. అన్నం, చారు, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి, దొరికినన్ని గుడ్లు. టర్కీ కోడి కిందికి దిగి, సంస్కారపు రొట్టె అంతంత ముక్కలై అందరికీ పంచబడింది. జనం బంతులు బంతులుగా తిన్నారు. అది కారం లేని కోడి అని కొందరు ఇప్పటికీ ఫిర్యాదు చేస్తారు.

అమెరికా అమ్మాయి నిజంగానే ఏడ్చింది. సంతోషంతో కాదు. మేడ మీద గది తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చింది. ఎందుకో నాకు తెలుసు. ఆమె అడిగింది ఒక్కటే, అందరూ ఒక్క బల్ల దగ్గర ఒకేసారి కూర్చోవడం. అది కాస్తా మా మొక్కుబడి కింద పడి నలిగిపోయింది. మా అత్త కంచంలో అన్నం పెట్టుకుని పైకి పోయింది. "రామ్మా, తిందాం. ఎనిమిది మంది లేకుంటే ఇద్దరం" అన్నది. నేను చెంబుతో నీళ్ళు తీసుకుపోయేసరికి ఇద్దరూ ఆ తలుపు బల్ల దగ్గర, ఖాళీ కంచాల మధ్య కూర్చుని ఉన్నారు. తినేముందు ఒక మాట చెప్పాలి కదా అని ఆ పిల్ల గుర్తు చేసింది. మా అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "చారులో ఉప్పు సరిపోయింది" అన్నది. ఆ పిల్ల తల ఊపి తినడం మొదలుపెట్టింది. నన్నెవరూ అడగలేదు.

ఆ తర్వాత సంఘం తన పని తాను చేసింది. మా అత్త అందరికీ అన్నం పెట్టింది కాబట్టి మొక్కుబడి తీరిందని అనేసుకుంది. ఎవరైనా ఆ మాట మొహాన అంటే మా అత్త మర్యాదగానే, "లేదమ్మా, ఇంకా ఉండాది" అంటుంది. నేను ఊరుకుంటానా? ఒకరోజు అడిగాను. "అత్తా, అసలు అది మొక్కుబడే కాదని తేల్చేయి. నీకెందుకు ఆ బరువు?"

ఆమె నన్ను తినేసేటట్టు చూసింది. "కాదంటే ఎట్లయితాదే? వచ్చింది గదా బిడ్డ. రేత్రుళ్ళు నా పక్కన పండుకునింది గదా."

నా పక్షం అక్కడితో కూలిపోయింది. తీర్చాలనే పక్షం కూడా నిలిచిందని నేననుకోను. అయ్యగారిని అడిగాను, ఆలోచించి చెబుతానన్నారు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. అమెరికా అమ్మాయి బండలతో సహా వెళ్ళిపోయింది, ఆమెనూ ఫోన్లో అడిగాను, ఆమెకూ తెలియదంది. ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి: కొన్నాళ్ళకే ఇచ్చి తీసుకుపోయినదాన్ని ఇచ్చినట్టే అనుకోవాలా?