ఒక్క చుక్క కారనివ్వని చిన్నాయన

మా చిన్నాయన పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తుమకూరులో కాలేజీకి బయలుదేరుతున్నాను. "పొద్దున టీ తాగి మంచం మీద వాలినాడమ్మా. మల్లా లేయలా," అంది. ఏడవలేదు. మళ్లీ తనే, "ఆ బోర్డు దిగకుండానే పోయినాడు సూడు," అంది. బస్సులో పావగడ వచ్చేదాకా ఆ రెండో మాటే నా చెవిలో ఉంది.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. తిరుమణిలో ఉన్న భూమంతా సోలార్ పార్కుకు లీజుకు పోయాక, చేతులు ఊరికే పెట్టుకోలేక ఒక పాత లారీ కొని, మీద నీళ్ల ట్యాంకు కట్టించుకున్నాడు. ప్యానెళ్లు కడిగేందుకు లోపలికి నీళ్లు తోలేవాడు. ఒకప్పుడు తాను చెనిక్కాయ వేసిన చేలోనే, గేటు దగ్గర సంతకం పెట్టి లోపలికి పోవాల్సి వచ్చేది. దానికి ఆయన బాధపడినట్టు నేను చూడలేదు. బాధను చూపించే మనిషి కాదేమో. ఆయన కోపం మాత్రం చూశాను.

లారీకి ఆయిలు, ఫిల్టరు ఇంటి ముందరే మార్చేవాడు. తెల్ల పంచెతో మార్చేవాడంటే మీరు నమ్మరు. ముందు ఇంజిను కాసేపు తిప్పి ఆపేవాడు, వెచ్చబడిన ఆయిలు చక్కగా దిగుతుందని. కింద నట్టును లోపలికి అదిమి పట్టుకునే విప్పి, ఒక్కసారిగా చెయ్యి తీసేవాడు. ధార నేరుగా, పైభాగం కోసి కింద పెట్టిన డబ్బాలో పడేది. తర్వాత ఫిల్టరుకు ఎరువుల సంచిలోని ప్లాస్టిక్ కవరు తొడిగి, పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగువు వదిలించి, కవరుతో సహా తిప్పి ఊడదీసేవాడు. కారేదంతా కవరులోనే. కొత్త ఫిల్టరులో ముందే ఆయిలు నింపి, రబ్బరు చుట్టుకు కాస్త పూసి, చేతి బలంతోనే బిగించేవాడు. "పానా పెట్టి బిగించేవానికి చేతి మీద నమ్మకం లేదని అర్థం," అనేవాడు. పాత ఆయిలును కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూసుకొమ్మని పక్కింటివాళ్లకు ఇచ్చేవాడు. చిన్నమ్మ వచ్చి నేల చూసేది. "యాడన్నా చుక్క కనపడితే ఈ పొద్దు నీకు సంగటి లేదు," అనేది. ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా సంగటి ఆగలేదు.

అలాంటి మనిషికి అంటిన మరక గురించి రాయకపోతే ఆయన గురించి సగమే రాసినట్టు. పోయినాయన స్మృతి రాస్తానని పగ రాస్తోందే అనుకుంటారేమో. నాకూ ఆ అనుమానం ఉంది. అయినా రాస్తున్నాను.

నీళ్ల ట్యాంకర్లను నడిపించే కాంట్రాక్టరు ఒక రూలు పెట్టాడు. లోపలికి వచ్చే బండ్లన్నీ తన షెడ్డులోనే సర్వీసు చేయించుకోవాలని. చిన్నాయన ఇష్టం లేకుండానే బండి పెట్టాడు. రెండు రోజులు తిరగకముందే, ప్యానెళ్ల వరసల మధ్య బండి నడుస్తుండగా ఫిల్టరు దగ్గర ఆయిలు చిమ్మింది. దారి పొడవునా నల్లటి చారలు పడ్డాయి. గేటు దగ్గరే ఫిల్టరు విప్పి చూస్తే, పాత ఫిల్టరు రబ్బరు ఇంజినుకే అంటుకుని ఉంది. దాని మీదే కొత్త రబ్బరు ఎక్కించి బిగించారు. రెండు రబ్బర్లు ఒకదానిమీద ఒకటి నిలవవు, వేడికి జారిపోతాయి. అక్కడున్న డ్రైవర్లందరూ చూశారు.

కాంట్రాక్టరు చూసి, "ఇది మా షెడ్డు పని కాదు. ఈయప్ప ఇంటికాడ కెలికినాడు," అన్నాడు. డ్రైవర్లు ఎవరూ నోరు తెరవలేదు. అందరి బండ్లూ అతని చేతిలోనే ఉన్నాయి మరి. మర్నాడు గేటుకు బోర్డు ఎక్కింది. ఇంట్లో సర్వీసు చేసిన బండ్లకు ప్రవేశం లేదని, కింద ఎర్ర రంగుతో చిన్నాయన బండి నంబరు. ఊళ్లో ప్రతివాళ్లూ ఆ గేటు ముందునుంచే పోవాలి.

ఆ తర్వాత చిన్నాయన అతని పేరు పలకలేదు. 'జిడ్డప్ప' అనేవాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి, "పోనీలేప్పా, మన్నించు," అన్నాడట. "మన్నించల్లంటే ముందు వాడు అడగల్ల కదన్నా," అని పంపించేశాడు.

ఇంజిను బాగుచేయించి, ఊళ్లకు తాగే నీళ్లు తోలుకున్నాడు. భుజం నొప్పితో చెయ్యి లేవకపోతే, ఆదివారాలు నేనొచ్చి లారీ కింద దూరేదాన్ని. "ఎమ్మే సదివి లారీ కింద పండుకున్నాది మా యమ్మి," అని చిన్నమ్మ దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపించేది. అలాంటి ఒక ఆదివారం, కొత్త ఫిల్టరు బిగిస్తూ నేను ఆ మాట అన్నాను. "చిన్నాయనా, నిజంగా ఇంటికాడ నువ్వేమన్నా విప్పినావా? మర్చిపోయినావేమో?"

ఆయన కవరులోని పాత ఫిల్టరు వైపు చూశాడు. తర్వాత, "పాత రబ్బరు యాడుండాది?" అన్నాడు.

కవరులో వెతికాను. పాత ఫిల్టరుకు లేదు. నేను బిగించింది విప్పి తడిమితే, ఇంజినుకే అంటుకుని ఉంది. అదే తప్పు, నా చేత్తో.

"చూస్తివా, ఎవురికైనా జరుగుతాది," అన్నాడు. "తప్పు చేసినందుకు కాదమ్మా నా కోపం. వాని తప్పు తెచ్చి నా నెత్తిన రుద్దినందుకు. అది నీకు కూడా అనుమానం పుట్టించినాది సూడు, అందుకు."

ఆ రోజునుంచి ఆ పగ నాది కూడా అయింది.

చిన్నాయన పోయిన పదకొండో రోజు, దినం నాడు, కాంట్రాక్టరు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో పెద్ద పూలమాల. ఫొటోకు వేసి, "మంచి మనిషి. మా ఇద్దరి మధ్య ఏమీ లేదు," అని అందరికీ వినబడేలా అన్నాడు. డ్రైవర్లంతా ఉన్నారు. నేను పొద్దున్నే లారీ ఆయిలు దించి, ఫిల్టరు మాత్రం అలాగే ఉంచాను. ఏం చేయబోతున్నానో నాకు సరిగ్గా తెలియదు. చిన్నమ్మకు తెలుసు.

"ఆయప్ప బండికి ఈ పొద్దు ఫిల్టరు మారుస్తుండాము. నువ్వూ ఒక చెయ్యి వెయ్యి నాయనా," అంది.

దినం నాడు అడిగితే ఎవరూ కాదనలేరు. అందరి ముందర నేను కవరు తొడిగి ఫిల్టరు ఊడదీశాను. కాంట్రాక్టరు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"చెయ్యి పెట్టి చూడన్నా, పాత రబ్బరు ఉండాదేమో," అన్నాను.

అతను కుడిచేతి వేళ్లు లోపలికి పెట్టి తడిమాడు. "లేదు."

"ఆ పొద్దు గేటు కాడ ఉన్నింది కదా?"

అతను నల్లబడిన వేళ్లు బయటికి తీశాడు. వెనకనుంచి ఒక డ్రైవరు, "ఉన్నింది. నేను చూసినా," అన్నాడు. "నేనూ చూసినా. షెడ్డులో మనోళ్లే మర్చిపోయినారు," అన్నాడు ఇంకొకడు. ఇన్నాళ్లూ యాడికి పోయినారప్పా మీరంతా అని అరవాలనిపించింది. అరవలేదు.

"ఔ, మా షెడ్డు తప్పే," అన్నాడు కాంట్రాక్టరు, నేలను చూస్తూ. "బోర్డు రేపు తీపిస్తా."

"రేపెందుకు నాయనా? దిగినాదని ఫోనొచ్చినాక అన్నానికి ఇస్తరాకు వేస్తా," అంది చిన్నమ్మ.

అతను ఎడమచేత్తో ఫోన్ చేశాడు. కాసేపటికి గేటు దగ్గరి వాచ్‌మన్, బోర్డు నేల మీద ఉందని చెప్పాడు. ఆ మాట అందరికీ వినబడింది.

మా వైపు దినానికి వచ్చినవాళ్లు తినకుండా పోకూడదు. అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. చెయ్యి కడుక్కోవడానికి చిన్నమ్మే చెంబుతో నీళ్లు పోసింది. నల్ల ఆయిలు వట్టి నీళ్లకు పోదు. సబ్బు ఎక్కడుందో నాకు తెలుసు. నేను లేచి ఇవ్వలేదు. ఇవ్వాల్సిందేమో అని ఇప్పటికీ అనుకుంటాను. మళ్లీ అలాంటి రోజు వచ్చినా ఇవ్వను.

చిన్నమ్మ ఇస్తరాకు నిండా వేడి అన్నం వడ్డించింది. "తిను నాయనా, ఆయన పేరు చెప్పుకోని," అంది. అతను తల ఎత్తి అటూ ఇటూ చూశాడు. ఎవరూ తినడం మొదలుపెట్టలేదు. చివరికి చెయ్యి అన్నంలో పెట్టాడు. తెల్లటి అన్నం మీద ఐదు వేళ్లూ నల్లగా దిగాయి.