మా అక్క తలకు పెట్టిన గంజి

పులిసిన గంజి వాసన తగిలితే నేను ఇప్పటికీ ముక్కు మూసుకుని పక్కకు పోతాను. నేతగాళ్ళ ఇంట్లో పుట్టి ఇదేం సోకని నవ్వుతారు మా వీధివాళ్ళు. నవ్వనీ. ఆర్.కె.పేట మగ్గాల వీధిలో గంజి తాగి, గంజి తొక్కి పెరిగినదాన్నే నేనూ. కానీ మా వనజక్క తలమీద ఆ గంజి ఎండి అట్టలు కట్టి, ఈగలు ముసరడం కూడా చూశాను. గంజిగిన్నె పట్టుకుని పక్కన నిలబడింది నేనే మరి.

వనజాక్షి నాకంటే ఐదేళ్ళు పెద్ద. 1976లో పదో తరగతి చదువుతుండేది. దానిది ఉంగరాల జుట్టు. ఉంగరాలంటే నుదుటిమీద ముద్దుగా వాలే ముంగురులు కాదు. వేలు దూరిస్తే వేలు వెనక్కి రాదు, దువ్వెన పెడితే దువ్వెన పళ్ళు రాలతాయి, నాలుగు చినుకులు పడితే తల రెండింతలవుతుంది. అప్పట్లో మా ఇళ్ళల్లో అలాంటి జుట్టుకు ఏం చేయాలో ఒక్కరికీ తెలియదు. నూనె కుమ్మరించడం, పొడి తలకు దువ్వెన పెట్టి లాగడం, అది ఏడిస్తే నెత్తిన మొట్టడం, అంతే.

ఆ లాగేది మా అవ్వ వరదమ్మ, మా నాయన తల్లి. ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. వీధిలో పడుగు నూలు సాచి గంజి పెట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మూరెడు పొడవున్న కుంచె పట్టుకుని పడుగు ఈ కొసనుంచి ఆ కొసదాకా నాలుగుసార్లు నడిచిందంటే, ఒక్క పోగు ఇంకో పోగును అంటుకోకుండా పలకబారినట్టు నిలిచేది. ఆమె తల కూడా అంతే. ఆముదం పట్టించి, నిమ్మకాయంత ముడి బిగించి, ఈగ వాలితే జారిపడేంత నున్నగా ఉండేది. తెల్లవారకముందే తలుపేసుకుని తలకు పోసుకునేది. ఆమె జుట్టు విరబోసుకుని ఉండగా చూసినవాళ్ళు మా ఇంట్లో లేరు.

"ఈ పొద మన వంశంలో యాడిదే? మీ అమ్మ పుట్టింటోళ్ళది. పూండినించి చీర సారెతో పాటు ఈ అసింగం, ఈ రోత కూడా తెచ్చినాది" అనేది అక్కతో, అమ్మ వినేటట్టు.

మా అమ్మ అలిమేలమ్మ జుట్టేమో ఎలుకతోకలా సన్నగా, తిన్నగా ఉండేది. మా అమ్మమ్మను మేం చూడలేదు, అమ్మ పెళ్ళికి ముందే పోయింది. పోయినవాళ్ళ తలమీద ఏమైనా రుద్దవచ్చు కదా! అమ్మ తల వంచుకుని కండెలు చుట్టుకునేది.

ఒక ఆదివారం పొద్దున పడుగుకు పెట్టగా గంజి కాస్త మిగిలింది. అక్క అప్పుడే తలకు పోసుకుని అరుగుమీద కూచుంది. దారినపోయే ఎవడో "ఏమమ్మా, గూట్లో కాకులుండాయా?" అన్నాడు. అవ్వకు ఎక్కడో కాలింది.

"నలబై ఏండ్లుగా నూలును దారికి తెస్తా ఉండా. ఈ ఎంట్రుకలు నా మాట ఇనవా? రావే ఇట్ల!"

అక్కను అరుగుమీద వెల్లకిలా పడుకోబెట్టింది. జుట్టు కొసలకు గుడ్డపీలికలు కట్టి, ఆ పీలికల్ని కిటికీ చువ్వలకు బిగించింది, అచ్చం పడుగు సాచినట్టే. చేత్తో గంజి ముంచి కుదుళ్ళనుంచి పట్టించి, కుంచె తీసుకుని బరబరా గీకడం మొదలుపెట్టింది. అక్క కేకలకు వీధి వీధంతా వచ్చి చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నాకు పదేళ్ళు, తెలియని వయసు అంటారు. ఏం తెలియని వయసు! దాని కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారడం కనబడుతూనే ఉంది. ఆ నవ్వు గుర్తొస్తే నామీద నాకే థూ అనిపిస్తుంది.

ఎండలో రెండు గంటలు ఆరాక జుట్టు చీపురుపుల్లల్లా తిన్నగా నిలిచింది. అవ్వ మురిసిపోయింది. "చూడండే! మొగ్గానికి ఎక్కియ్యచ్చు!"

ఇక ప్రతి ఆదివారం అదే పని. సోమవారం మధ్యాహ్నానికి చెమటకు గంజి నాని, పులిసి, మెడమీదికి తెల్లగా కారేది. బడిలో పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్ళు. పంతులమ్మ చివరి బెంచీకి తోసింది. పేలు పడ్డాయి. కడిగితే గంజి ముద్దలతో పాటు వెంట్రుకలూ గుప్పెళ్ళకొద్దీ ఊడివచ్చేవి. కణతల దగ్గర తల బోడి అయి, కుదుళ్ళలో పుండ్లు లేచి చీము పట్టింది. ఆ పక్కన కూర్చుని నేను అన్నం తినలేకపోయేదాన్ని. అది మాత్రం అదే తలతో లెక్కలు చేసుకుంటూ కూచునేది. లెక్కల్లో తరగతికంతా అదే మొదటిది.

పుండ్లు చూశాక అవ్వ గంజి ఆపింది. ఆపి, అంతకంటే పెద్ద మాట చెప్పింది. "ఆడికృత్తికకు తిరుత్తణి పోతాము. ఆలోగా దారికి రాకపోతే మురుగయ్యకు మొట్ట. గొరిగిస్తే కొత్తది తిన్నంగా వస్తాది."

పదిహేనేళ్ళ పిల్లకు గుండు! అక్క ముఖం పాలిపోయింది. "మొట్టతో నేను బడికి పోనవ్వా. అందరూ నవ్వతారు."

"పోకపోతే మాను. మొగ్గం యాడికీ పోలేదు" అన్నాడు మా నాయన దండపాణి, తల ఎత్తకుండా. అంటే జుట్టు పోతే చదువూ పోతుందన్నమాట. మురుగయ్య కావిళ్ళ పండగ ఆడికృత్తికకు ఇంకా ఏడు వారాలుంది.

మా వెనక సందులో ఆరోగ్యమేరి ఉండేది. ఆసుపత్రిలో ఆయా. ఆమెదీ అక్కలాంటి జుట్టే, కానీ ఒత్తుగా, నల్లగా, మెరుస్తూ ఉండేది. నీళ్ళ కొళాయి దగ్గర అక్కను చూసి ఆపింది.

"ఏం పాపా, తలలో ఏందది, ఇడ్లీ పిండా?"

అక్క అక్కడే ఏడ్చేసింది. ఆరోగ్యమేరి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ముక్కు మూసుకోకుండా ఆ తలను ముట్టుకున్న మొదటి మనిషి ఆమె. పుండ్లకు మందు రాసింది. మందారాకు రుబ్బి రుద్ది తల కడిగింది. "పొడి తలకు దువ్వెన పెట్టనే పెట్టబాకు. తడిగా ఉండంగానే నాలుగు చుక్కలు టెంకాయనూనె రాసి, పాయలు పాయలుగా వేళ్ళతో చిక్కు తియ్యాల. కొసనించి మొదటికి రావాల, మొదటినించి కొసకు పోతే తెగుతాది. తుండుతో రుద్దబాకు, పాత పంచెతో ఒత్తు. ఇది నూలు కాదమ్మీ, బతికుండే జుట్టు."

వారానికి రెండుసార్లు నోట్సు కోసమని చెప్పి అక్క అక్కడికి పోయేది. నేను తోడు. పుండ్లు మానాయి, పేలు పోయాయి. తడి ఆరకముందే రెండు జడలు అల్లుకుని వస్తే తల అణిగి, నిండుగా కనిపించేది. ఐదో వారం అవ్వ అక్క గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "దారికొస్తా ఉండాదే. నా గంజి ఊరికే పోతాదా? సరే, మొట్ట వద్దులే, పూజ చేయిస్తే చాలు." ఆ రాత్రి అక్క నన్ను గట్టిగా వాటేసుకుని పడుకుంది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడే అవ్వ నా ముందు తన గంజి గొప్ప చెప్పుకుంటుంటే నాకు రోషం వచ్చింది. "నీ గంజికి కాదు. ఆరోగ్యమేరి తల కడగబట్టి బాగయింది" అనేశాను.

అవ్వ ముఖం చూడాలి! అక్కను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. "ఆ ఆయమ్మా? పుండ్లూ పురుళ్ళూ కడిగే చేతులతో నీ తల కడిగించుకున్నావంటే! థూ! మొట్ట కొట్టిస్తేగానీ ఈ మైల పోదు!" తాను చేసిన పుండ్లను కడిగిన చేతులవి. ఆ మాట అనే ధైర్యం ఇంట్లో ఒక్కరికీ లేకపోయింది. నోటి దురద తీర్చుకున్న నేను కూడా తలుపు చాటుకు పోయి నిలబడ్డాను.

తిరుత్తణి కొండమీద ఆ రోజు కావిళ్ళ జనం, ఎండ, చెమట. మంగలాయన ముందు తడి జుట్టు కుప్పలు కుప్పలు, వాటిమీద జనం తొక్కుకుంటూ నడుస్తున్నారు. అక్క ఏడవలేదు. తలమీద నీళ్ళు చల్లుతుంటే కళ్ళు మూసుకుంది. నాలుగు నిమిషాల్లో అంతా ఒళ్ళోకి జారిపోయింది. అవ్వ గంధం రాసి "ఇంక చూడు, పట్టుదారం మాదిరి వస్తాది" అంది. నాయన కొండ కింద బస్సులు చూస్తూ నిలబడ్డాడు. అక్క నావైపు ఒక్కసారి చూసింది. తిట్టినా బాగుండేది.

మరి బడికి పోలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని లుంగీలు నేసింది. దీపావళికి వేలెడు జుట్టు వచ్చింది. మిరియపుగింజల్లా గుండ్రంగా, ఒక్కొక్కటీ చుట్టలు చుట్టుకుని. అవ్వ చూసింది. చేత్తో ఒకసారి తడిమింది. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. తప్పయిపోయిందని ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?

అక్కకు మా పక్కవీధి నటరాజుతో పెళ్ళయింది. ఆరోగ్యమేరి నేర్పినట్టే జుట్టును చూసుకుంది, నడుం దాటి పెంచింది. ఉంగరాల జుట్టు పిల్ల ఏ ఇంట్లో ఏడ్చినా తల్లులు దాని దగ్గరికే పంపేవాళ్ళు.

1988లో అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కాలు పడిపోయాయి. ఎత్తడం, కడగడం, తినిపించడం అన్నీ మా అమ్మే. కానీ తల మాత్రం ముట్టనిచ్చేది కాదు. అమ్మ చేయి అటు పోతే చాలు, ఎడమ చేత్తో కొట్టేది. మూడు నెలలకు ఆముదం మడ్డి కట్టి, ఆ ముడి కుళ్ళు వాసన కొట్టసాగింది. పేలు కనురెప్పలదాకా పాకాయి. గదిలోకి పోవాలంటే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని.

"తల నేను కడుగుతా. నువ్వు నీళ్ళు పట్టుకో" అంది అక్క నాతో. అమ్మను వంటింట్లోకి పంపి తలుపు వేసింది. అవ్వ మూలిగింది, తల తిప్పింది, కానీ అక్క చేతులను కొట్టలేదు.

ముడి విప్పాం. మొదటి పోతకు నల్లటి జిడ్డు కారింది, రెండో పోతకు పేలు కారాయి. మూడోసారి కుంకుడు రసం పెట్టి కడిగాక ఆముదం పూర్తిగా వదిలింది. నేను చెంబు ఎత్తి నీళ్ళు పోస్తూ పోస్తూ ఆగిపోయాను. ఆ తెల్లజుట్టు తడిగా వీపుమీదికి దిగకుండా పైకి చుట్టుకుంటోంది. ఒక్కొక్క పాయా ఉంగరంగా, చుట్టలు చుట్టుకుంటూ. అక్క జుట్టే, రంగొక్కటే తేడా.

అవ్వ కళ్ళు గట్టిగా మూసుకుంది. "మీ అమ్మకు చెప్పబాకే" అంది ముద్దముద్దగా. కళ్ళు తెరవకుండానే "కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా అత్త కూడా గంజే పెట్టినాది నాకు" అంది.

"అయితే ఆ నొప్పి నీకు తెలుసు కదవ్వా" అంది అక్క.

నాకు చెంబు నేలకేసి కొట్టాలనిపించింది. అక్క మాత్రం నాలుగు చుక్కలు టెంకాయనూనె అరచేతిలో వేసుకుని, పాయలు పాయలుగా, కొసనుంచి మొదటికి, వేళ్ళతో చిక్కు తీసింది. ఒక్క వెంట్రుక తెగలేదు. పాత పంచెతో ఒత్తింది. ముడి వేయలేదు. లేచి పోయి తలుపు బార్లా తెరిచింది.

"అమ్మా, ఇట్ల రా."

అమ్మ వచ్చింది. అత్త తలమీది ఉంగరాలను చూసింది. తర్వాత గబగబా వాకిట్లోకి పోయి కాండ్రించి ఉమ్మేసింది. కొంగుతో మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చి, మంచం పక్కన నిలబడి అంది:

"మాయమ్మ జుట్టు తిన్నంగా ఉండేదత్తా. మోకాళ్ళదాకా."

ఆ ఒక్క మాటా అని, అవ్వ కాఫీకి పాలు పొయ్యిమీద పెట్టింది.