తిరగని కుర్చీలో ఇంటర్వ్యూలు

మా తమ్ముడి మాటలు వినాలంటే మీరు గడ్డం చేయించుకోవాలి. వేరే దారి లేదు. బజారులో ఎదురుపడి పలకరిస్తే తల ఊపి పక్కకు తప్పుకుంటాడు. ఇంటికొస్తే ఓ మూల కుక్కిన పేనులా కూర్చుంటాడు. అదే మనిషి తన సెలూన్లో మీ వెనక నిలబడి, మీ మెడ చుట్టూ గుడ్డ కట్టి, ఎదుటి అద్దంలో మీ మొహం చూస్తూ మొదలుపెట్టాడంటే ఇక వాణ్ణి ఆపడం మీ వల్ల కాదు. కత్తెర ఆగినా మాట ఆగదు.

వాడికి నత్తి, చిన్నప్పటి నుంచీ. మనిషి ఎదురుగా నిలబడి కళ్లలోకి చూశాడంటే మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేస్తుంది. అద్దంలో చూస్తూ మాట్లాడితే మాత్రం పట్టదు. ఎందుకో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. పని నేర్చుకునే రోజుల్లో ఈ సంగతి కనిపెట్టాడు, ఇక అద్దాన్ని వదల్లేదు. వాడి అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు, అందరికీ అద్దాలాయన. సెలూన్లో ఉన్నది ఒకటే కుర్చీ. కొన్నప్పుడు అది తిరిగే కుర్చీయే. అద్దం వైపు తప్ప ఇంకో వైపు తిప్పిన పాపాన పోలేదు గనుక ఇరుసు తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

ఇక నా సంగతి. నేను బస్టాండులో అనౌన్సర్‌ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పేది నేనే. మైకు లేకపోయినా వినపడుతుందని మా డ్రైవర్లు అంటారు, వాళ్ల నోటికి అడ్డేముంది. మా అమ్మ మాత్రం, “ఉన్న మాటలన్నీ ఇదే మూటగట్టుకుని పుట్టింది, పాపం వాడికేం మిగల్లేదు,” అనేది. అందుకేనేమో, వాడి మాటలు కూడా నేనే పూర్తిచేస్తూ వచ్చాను. వాడు ‘మ’ అంటే చాలు, మంచినీళ్లు అందించేదాన్ని. సగం సార్లు వాడు అడగబోయింది మంచినీళ్లు కాదట. అయినా తాగేవాడు.

నా కూతురు చిట్టిది అచ్చం మేనమామ పోలిక. నత్తి లేదు గానీ, కొత్తవాళ్ల ఎదుట నోట్లో నాలుక లేనట్టే ఉంటుంది. వాళ్ల నాన్న ఓడ మీద వంటవాడు, ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ల మీదే. ఇంట్లో మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. పిల్ల చదువుకునేది, రాసేది, మార్కులు తెచ్చుకునేది. డాక్టరు కావాలని దాని కోరిక. ఇది గొప్ప కోసం చెప్పడం కాదు, అది ఆ కోరిక తప్ప ఇంకోటి కోరగా నేను వినలేదు.

మెడికల్ డిగ్రీలో సీటు కావాలంటే యూనివర్సిటీ పరీక్ష ఒక్కటీ రాస్తే చాలదు, ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. కిందటేడు చిట్టి పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూలో మాత్రం ముగ్గురు పెద్దమనుషుల ముందు కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా లేచి వచ్చేసింది. “ఏం అడిగారే?” అంటే, “అన్నీ తెలిసినవేనమ్మా,” అంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ యూనివర్సిటీలో ఎవరికైనా రెండు అవకాశాలే, మూడోసారి దరఖాస్తు తీసుకోరు. ఈ ఏడు మళ్లీ పరీక్ష రాసింది, మళ్లీ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇదీ పోతే ఇక అంతే.

పిలుపొచ్చిన రోజు నుంచీ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి తర్ఫీదు మొదలుపెట్టాను. ప్రశ్న నేనే అడిగేదాన్ని, అది ఆలోచించేలోపు జవాబూ నేనే చెప్పేదాన్ని. నాలుగు రోజుల్లో నేను డాక్టరు కోర్సుకి సిద్ధమైపోయాను, పిల్ల ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఓ సాయంత్రం మా తమ్ముడు వచ్చి ఈ తంతు కాసేపు చూశాడు.

“అ... అక్కా. దా... దాన్ని...”

“దాన్ని వదిలెయ్యమంటావు. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి భయపడితే ఎలారా?”

“కా... కాదు. షా... షాపుకి పంపు.”

“షాపుకా? అక్కడేం చేస్తుంది, గడ్డాలు గీస్తుందా?”

వాడు నవ్వాడు. చిట్టి మాత్రం అప్పటికే చెప్పులు వేసుకుంది. నా తర్ఫీదు కంటే సబ్బు నురగ నయమనుకుని ఉంటుంది.

సెలూన్లో వాడు పెట్టిన పద్ధతి ఇది. కుర్చీ ఎక్కినవాడు ఎవరైనా సరే, గడ్డానికైతే ఒక ప్రశ్న, కటింగ్‌కైతే రెండు ప్రశ్నలు చిట్టిని అడగాలి. అది మావయ్య పక్కన, కుర్చీ వెనక నిలబడి, అద్దంలో ఆ మనిషి మొహం చూస్తూ జవాబు చెప్పాలి. కత్తి గొంతు మీద ఉండగా ఎవరు కాదంటారు? స్కూలు మాస్టారు రక్తం ఎలా గడ్డకడుతుందని అడిగాడు. సైకిళ్ల మెకానిక్, “మనిషికి రెండు కిడ్నీలెందుకమ్మా, ఒకటి స్పేరా?” అన్నాడు. ఇంకొకాయన తన భార్య గురకకి మందుందా అని అడిగితే, గురక ఎవరిదో ముందు తేలాలి కదండీ అందట మా పిల్ల. ఆ మాట వీధంతా తిరిగి బస్టాండులో నా దాకా వచ్చింది. మా చిట్టి అన్న మాటేనా అని నేను మళ్లీ అడిగి చెప్పించుకున్నాను.

పద్ధతిలో చివరిది ఒకటుంది. పని అయ్యాక మా తమ్ముడు చిన్న అద్దం తలవెనక పట్టుకుని, “సరిపోయిందా?” అని అడుగుతాడు. వాళ్లు సరిపోయిందన్నాకే గుడ్డ విప్పుతాడు. చిట్టి కూడా జవాబు చెప్పాక, “సరిపోయిందా అండీ?” అని అడిగి తీరాలన్నాడు. సరిపోలేదని ఎవరైనా అంటే మళ్లీ చెప్పాలి. వాడి దగ్గర జుట్టుకెంత మర్యాదో జవాబుకీ అంతే.

ఒకరోజు టీ ఫ్లాస్కు ఇద్దామని వెళ్లి గుమ్మంలో ఆగిపోయాను. కుర్చీలో వెల్డింగ్ పని చేసే ఓ పెద్దాయన ఉన్నాడు. వంతు ప్రకారం ప్రశ్న అడగాల్సింది పోయి, ఎప్పుడు మొదలుపెట్టాడో, తన సంగతి చెబుతున్నాడు. కుడిచేతి వేళ్లకు స్పర్శ తెలియడం లేదట. ఇంట్లో చెప్పలేదు, పనిలో చెప్పలేదు.

“డాక్టరుకి చెప్పారా?” అంది చిట్టి, అద్దంలోనే.

“వెళ్లానమ్మా. ఆయన ఎదురుగా కూర్చుని ఎలా ఉంది అంటే, బాగానే ఉందండీ అని వచ్చేసింది నోట్లోంచి.”

చిట్టి తొందరపడలేదు. ఆయన మిగతాది చెప్పేదాకా ఆగింది. మా తమ్ముడు కూడా కత్తి పక్కకు తీసి నిలబడ్డాడు. తరవాత అది, “ఈసారి నాకు చెప్పినట్టే చెప్పండి. కావాలంటే నేనూ వస్తాను,” అంది. మర్నాడు వెళ్లింది కూడా. ఆ రోజు నేను ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వచ్చేశాను. నా చరిత్రలో అది కొత్త.

ఇంటర్వ్యూ రోజు ముగ్గురం కలిసి బయల్దేరాం. వాడు షాపు మూసి మరీ వచ్చాడు. యూనివర్సిటీలో పొడుగాటి వరండా, గోడ వెంబడి బెంచీలు, ఇస్త్రీ బట్టల్లో బిగుసుకుపోయిన పిల్లలు. చిట్టి వంతు రాగానే లేచి, మా ఇద్దరి వైపూ చూసి లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

అప్పుడు తట్టింది నాకు.

“ఒరేయ్, లోపల అద్దం ఉంటుందా?”

వాడు గబుక్కున నా వైపు తిరిగాడు. అన్ని వారాలు, అంతమంది మనుషులు, ఒక్కరితో కూడా పిల్ల ఎదురుబొదురుగా మాట్లాడలేదు. అందరితో అద్దంలోనే. ఈత నేర్పుతూ బెండు కట్టి, బెండు ఇంట్లో పెట్టి ఏట్లో దింపేశాం. ఎదురుగా కూర్చుని మాట్లాడటమన్నది ఒకటుందని వాడికి తట్టనే లేదు. ఎలా తడుతుంది, వాడి లోకంలో మనుషులు మాట్లాడుకునేదే అద్దంలో.

“అ... అ...” అన్నాడు. ఆ మాట ఏమిటో నాకూ అందలేదు. ఇద్దరం ఆ మూసిన తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. వాణ్ణి తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ, వాడు జేబులోని దువ్వెన తీయడం, మళ్లీ పెట్టడం చూశాక మనసొప్పలేదు.

లోపల జరిగింది చిట్టి తిరుగు బస్సులో చెప్పింది. బల్ల అవతల ముగ్గురు. నెరిసిన మీసాల డాక్టరు, కళ్లజోడు పెట్టుకున్న ఒక డాక్టరమ్మ, రాసుకునే కుర్రాయన. పెద్దాయన అడిగాడు, “మెడిసిన్ ఎందుకు చదవాలనుకుంటున్నావు?” అని. పిల్లకి కిందటేడు లాగే కళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పైకెత్తితే, వాళ్ల వెనక అద్దాల బీరువా కనపడింది. అందులో వాళ్ల ముగ్గురి తలల వెనక భాగాలు, మధ్యలో తన మొహం. అంతే, దానికేసి చూస్తూ మొదలుపెట్టేసింది. కాసేపయ్యాక డాక్టరమ్మ వెనక్కి తిరిగి బీరువా చూసి, “అక్కడెవరున్నారమ్మా?” అంది.

చిట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మావయ్య, సెలూను, గడ్డానికో ప్రశ్న, అన్నీ. కుర్రాయన రాయడం ఆపి నవ్వాడట. పెద్దాయన నవ్వలేదు.

“మరి రేపు పేషెంట్ల దగ్గరికి అద్దం మోసుకెళ్తావా?”

“లేదండీ,” అంది చిట్టి. “కానీ అద్దంలో చూస్తూ ఒకాయన తన వేళ్లకు స్పర్శ లేదని నాకు చెప్పిన మాట, అంతకుముందు డాక్టరు గారి ఎదుట కూర్చుని చెప్పలేకపోయారు. ఎదురుగా కూర్చుని అడిగితే భయపడేవాళ్లు ఉంటారండీ. నేనూ అలాంటిదాన్నే. వాళ్ల పక్కన నిలబడి అడగాలని ఉంది. చెప్పేదాకా ఆగాలని ఉంది. అందుకే ఈ చదువు.”

అప్పుడు ఆ డాక్టరమ్మ లేచి, తన కుర్చీ ఎత్తి బల్ల ఇవతలికి తెచ్చి, చిట్టి పక్కన వేసుకుని కూర్చుంది. ఇద్దరూ బీరువా వైపే చూస్తున్నారు. “ఇప్పుడు చెప్పు, ఆయన వేళ్ల సంగతి ఏమై ఉంటుందనుకున్నావు?” అని అక్కడి నుంచి మొదలుపెట్టింది. చిట్టి చెప్పింది. తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియవంది. చెబుతూ చెబుతూ ఎప్పుడు తల తిప్పిందో, చూసుకునేసరికి ఆవిడ మొహంలోకే చూస్తోందట. లేచి వచ్చేముందు అలవాటు కొద్దీ, “సరిపోయిందా అండీ?” అని అడిగేసింది. ఈసారి నెరిసిన మీసాలాయన కూడా నవ్వాడట.

ఆవిడ పేరు నాకు తెలియదు. మళ్లీ కనపడుతుందో లేదో తెలియదు. ఆవిడ కుర్చీ ఎత్తుకుని ఇవతలికి రావాల్సిన అవసరం లేదు, వచ్చింది. ఆ పుణ్యాత్మురాలు చల్లగా ఉండాలని రోజూ అనుకుంటాను. గడ్డాలు నురగతో నిండి ఉండగా మా పిల్లని ప్రశ్నలడిగిన ప్రతి మనిషికీ నేను రుణపడి ఉన్నాను. గురకాయనకి కూడా.

సీటు వచ్చింది. ఫలితం చూసిన వెంటనే చిట్టి సెలూనుకి పరిగెత్తింది, దాని వెనక నేను. షాపులో ఎవరూ లేరు. మా తమ్ముడు నేల మీద కూర్చుని కుర్చీ ఇరుసుకి నూనె పోస్తున్నాడు. చేతులంతా తుప్పు. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన మర్నాటి నుంచీ ఇదే పనట, ఖాళీ దొరికినప్పుడల్లా. చిట్టి మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది. చేతులు పైపైన తుడుచుకుని, “కూ... కూర్చో,” అని కుర్చీ చూపించాడు.

చిట్టి కూర్చుంది. వాడు రెండు చేతులతో కుర్చీ పట్టుకుని బలంగా తిప్పాడు. కిర్రుమని మొరాయించింది, ఆగింది, మళ్లీ కదిలింది. అద్దం చిట్టి వీపు వెనక్కి వెళ్లిపోయింది. మావయ్యా మేనకోడలూ ఎదురెదురుగా ఉన్నారు. వాడు దాని కళ్లలోకి సూటిగా చూశాడు. నాకు తెలిసి వాడు ఎవరినీ అలా చూడలేదు.

“స...” అన్నాడు.

గొంతు పట్టేసింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఆ మాటేమిటో నాకు తెలుసు. నా నాలుక చివర సిద్ధంగా ఉంది, బస్టాండు మైకంత గట్టిగా. పంటి కింద పెదవి నొక్కిపట్టుకున్నాను. చిట్టి కదలకుండా కూర్చుని వాడినే చూస్తోంది. దానికేం తొందర లేదు. వీధిలో ఒక బండి వెళ్లింది, ఇంకోటి వెళ్లింది.

“స... స... సరిపోయిందా?”

“సరిపోయింది మావయ్యా,” అంది చిట్టి.

వాడు కళ్లు తుడుచుకోబోయి చేతికున్న నూనె మొహమంతా పూసుకున్నాడు. అద్దంలో చూసుకోమని చెప్పబోయి, ఎందుకులే అని నా కొంగుతో నేనే తుడిచాను.